పికోస్ దె యూరోపా (ఉత్తర స్పెయిన్): ఏ లోయలో బస, ఏ రోజు ఎక్కడికి?

గోదారిగట్టు:
నమస్తే అందరికీ. సెప్టెంబరు చివరి వారంలో ఐదు రోజులు పికోస్ దె యూరోపాకి వెళ్దామనుకుంటున్నాం. బిల్బావోలో దిగి కారు అద్దెకు తీసుకుంటాం. మేమిద్దరం, పదేళ్ళ బాబు, అమ్మానాన్న. నాన్నకి మోకాళ్ళు బాగోవు, చదునుగా ఉంటే రెండు మూడు కిలోమీటర్లు నడుస్తారు. అందరం శాకాహారులం, గుడ్డు తింటాం. ఫ్వెంతె దే రోప్‌వే, కారెస్ ఇరుకు లోయ నడక, బుల్నెస్, కొవదోంగా సరస్సులు మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టున్నాయి. పోతెస్‌లో ఒకే హోటల్ పెట్టుకుని రోజుకొకటి చూసి రావచ్చా? కొండలతో పాటు పాత చర్చిలూ, చరిత్ర ఉన్న చోట్లూ కావాలి.

సున్నపురాయి:
మ్యాప్ అందరినీ ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. ఫ్వెంతె దే నుంచి పొన్సెబోస్‌కి (కారెస్ నడక మొదలయ్యే చోటు) గీత గీస్తే 12 కి.మీ. కారులో దాదాపు 80 కి.మీ., గంటన్నర పైనే. అడ్డంగా దాటే రోడ్డే లేదు.

ఆ కొండల కట్టుబడే అంత. మొత్తం సున్నపురాయి. దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి సముద్రం వైపు పారే నదులు నిలువునా కోసేశాయి: పడమర సేయా, నడుమ కారెస్, దూహె, తూర్పున దేవా. దాంతో మూడు దిమ్మలు మిగిలాయి. పడమటిది కోర్నియోన్, నడిమిది ఉర్రియేలెస్, తూర్పుది ఆందరా. అన్నిటికన్నా ఎత్తైన తోర్రె సెర్రేదో (సుమారు 2,650 మీ.) నడిమి దిమ్మలోనే ఉంది. రోడ్లన్నీ నదుల వెంటే పోతాయి. ఒక లోయలోంచి పక్క లోయకి పోవాలంటే కిందికి దిగి, కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ ఎక్కాల్సిందే.

అందుకని చోట్ల లెక్కన కాకుండా లోయల లెక్కన ప్లాన్ చేసుకోండి. పోతెస్‌లో మూడు రాత్రులు (లియేబనా లోయ, రోప్‌వే, చర్చిలు), తర్వాత కాంగాస్ దె ఓనిస్‌లో గానీ అరేనాస్ దె కబ్రాలెస్‌లో గానీ మిగతా రాత్రులు. బిల్బావో నుంచి పోతెస్ దాదాపు 200 కి.మీ., రెండున్నర గంటలు. ఏ-8 హైవేకి టోల్ లేదు. ఉంకేరా దగ్గర దిగి ఎన్-621 పట్టుకోవాలి.

మంచుదారి:
రెండు హోటళ్ళు ఎందుకండీ? అరేనాస్‌లో ఒక్కటి తీసుకుంటే పొన్సెబోస్ 6 కి.మీ., కాంగాస్ ముప్పావు గంట, పోతెస్ గంట. సామాను సర్దడం, మళ్ళీ విప్పడం తప్పుతుంది. పెద్దవాళ్ళతో అదే పెద్ద పని.

సున్నపురాయి:
కుర్రాళ్ళకైతే సరే. అరేనాస్ నుంచి పోతెస్ వెళ్ళాలంటే లా ఎర్మీదా ఇరుకు లోయ దాటాలి. 21 కి.మీ., రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, మధ్యలో దేవా నది, పక్కన వంపుల రోడ్డు. ఎదురుగా టూరిస్టు బస్సు వస్తే అద్దాలు మడుచుకోవాల్సిన మలుపులు ఉన్నాయి. అదే దారిలో పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి అంటే వెనక సీట్లో పెద్దవాళ్ళకి కడుపులో తిప్పడం ఖాయం. పైగా రోప్‌వేకి మొదటి గంటలోనే చేరాలి. పోతెస్ నుంచి ఫ్వెంతె దే 23 కి.మీ., అరగంట. అరేనాస్ నుంచి గంటన్నర.

కొండ అడుగునే ఉండాలనిపిస్తే ఎస్పినామా, కోస్గాయా లాంటి ఊళ్ళలో బస దొరుకుతుంది గానీ రాత్రి ఎనిమిది దాటితే నడిచి తిరగడానికి ఏమీ ఉండదు. పెద్దవాళ్ళకి సాయంత్రం కాసేపు వీధులు, వంతెనలు కావాలంటే పోతెసే నయం.

గోదారిగట్టు:
సరే, రెండు బసలు ఖాయం. రోప్‌వే గురించి వివరంగా చెప్తారా? టికెట్ ముందే తీసుకోవాలా?

సున్నపురాయి:
ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఎక్కే టైము అందులోనే ఉంటుంది. ఆగస్టులో అయితే కౌంటర్ దగ్గర రెండు మూడు గంటల క్యూ మామూలే. సెప్టెంబరు చివర్లో వారం మధ్య రోజైతే ఒత్తిడి తగ్గుతుంది.

1966లో కట్టారు. కింది స్టేషన్ 1,070 మీ., పైది 1,823 మీ. అంటే 753 మీటర్ల ఎత్తు, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా నాలుగు నిమిషాల్లోపు తీసుకుపోతుంది. బోగీలో 20 మంది. నిలబడే ప్రయాణం, కానీ చిన్నదే కాబట్టి నాన్నగారికి ఇబ్బంది ఉండదు.

ప్లాన్ చెడేది రెండు చోట్ల. ఒకటి గాలి: ఆకాశం నీలంగా ఉన్నా పైన గాలి జోరుగా ఉంటే ఆపేస్తారు. అందుకే రోప్‌వేని పోతెస్‌లో ఆఖరి రోజుకి పెట్టుకోకండి, మొదటి రోజే పెట్టుకోండి. కుదరకపోతే ఇంకో రోజు మిగులుతుంది. రెండోది దిగడం: ఎక్కేవాళ్ళు రోజంతా విడివిడిగా ఎక్కుతారు, దిగేవాళ్ళు మాత్రం సాయంత్రం నాలుగు ఐదు గంటలకి ఒక్కసారి వచ్చి పడతారు. పెద్దవాళ్ళు మధ్యాహ్నం రెండులోపే దిగిపోవడం మేలు.

పైన కింద కన్నా సుమారు 5 డిగ్రీలు తక్కువ. గాలి తోడైతే అంతకన్నా చలి. స్వెట్టర్ సరిపోదు, గాలి ఆపే జాకెట్ కావాలి.

మంచుదారి:
పైకి వెళ్ళాక ఏం చెయ్యాలో కూడా చెప్పాలిగా. చాలామంది బాల్కనీలో ఫొటో తీసుకుని దిగిపోతారు. మూడు రకాలుగా నడవచ్చు.

పెద్దవాళ్ళతో: పై స్టేషన్ నుంచి పాత గని బండ్ల బాట ఒకటి పోతుంది. మొదట్లో చిన్న ఎత్తుపల్లాలు, వెడల్పైన కంకర దారి. అలసట వచ్చేదాకా వెళ్ళి వెనక్కి తిరగొచ్చు.

బాబుతో: అదే బాటలో లా వుయెల్తోనా అనే పెద్ద మలుపు దాకా, ఒక వైపు సుమారు 3 కి.మీ. తేలిక. అక్కడి నుంచి దారి రాళ్ళల్లో పడి కబానా వెరోనికా వైపు ఎక్కుతుంది. అది 2,325 మీ. ఎత్తున ఉన్న బుల్లి గుడిసె. దాని డోము అమెరికా విమాన వాహక నౌక పలావుది. బిల్బావోలో ఓడను ముక్కలు చేసినప్పుడు తెచ్చి 1961లో ఇక్కడ బిగించారు. స్టేషన్ నుంచి దాదాపు రెండు గంటలు, 500 మీ. ఎక్కుడు. వాతావరణం తేటగా ఉంటేనే.

ఓపిక ఉన్నవాళ్ళకి: రోప్‌వేలో ఎక్కి, ఆలివా పచ్చిక బయళ్ళ మీదుగా కాలినడకన దిగడం. సుమారు 14 కి.మీ., నాలుగైదు గంటలు. ముందు కొవర్రోబ్రెస్ కనుమ దాకా కొంచెం ఎక్కాలి, ఆ తర్వాత దాదాపు అంతా దిగుడే. దారిలో కనిపించే ఎర్ర కప్పు బంగళా 1912లో రాజు 13వ అల్ఫోన్సో వేట కోసం గని కంపెనీ కట్టించింది. ఆ పక్కనే ఆలివా జింకు గనులు. తేనె రంగులో పారదర్శకంగా ఉండే స్ఫేలరైట్ స్ఫటికాలకి ప్రపంచమంతా పేరున్న చోటు, 1989లో మూసేశారు. పాత సొరంగాల్లోకి దూరకండి.

అక్టోబరు దాటితే ఈ లెక్కలన్నీ రద్దు. పై స్టేషన్ చుట్టుపక్కల మంచు గట్టిపడితే మామూలు బాటే జారుడుబండ అవుతుంది. క్రాంపన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళు), మంచు గొడ్డలి, వాటిని వాడే అనుభవం లేకుండా కదలకూడదు. కబానా వెరోనికా దాటాక వచ్చే ఓర్కాదోస్ రోహోస్ వైపు జూన్‌లో కూడా మంచు పట్టీలు మిగిలి ఉంటాయి.

గోదారిగట్టు:
వాతావరణం ఏ యాప్‌లో చూడాలి? ఫోన్‌లో పోతెస్ అని కొడితే ఐదు రోజులూ సూర్యుడి బొమ్మే వస్తోంది.

సున్నపురాయి:
ఆ బొమ్మ 291 మీ. ఎత్తున ఉన్న ఊరికి, కొండకి కాదు. స్పెయిన్ వాతావరణ శాఖ అయెమెత్ పికోస్ కోసం విడిగా పర్వత సూచన ఇస్తుంది. అందులో ఎత్తుల వారీ గాలి వేగం, సున్నా డిగ్రీలు ఏ ఎత్తున ఉందో చూడండి. పొద్దున్నే వెబ్‌క్యామ్ చూడండి, అన్నిటికన్నా అదే నమ్మకం.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. సముద్రం 20–25 కి.మీ. దూరంలోనే. ఈశాన్య గాలి వీచే రోజుల్లో తేమ వచ్చి ఉత్తరపు వాలుకి కొట్టుకుని మేఘమై కూర్చుంటుంది. కొవదోంగా, సరస్సులు, అరేనాస్ తెల్లగా మూసుకుపోతాయి. అదే సమయంలో 1,500 మీటర్ల పైన ఎండ కాస్తుంటుంది, కింద మేఘాల సముద్రం. లియేబనా లోయకి చుట్టూ కొండల చాటు ఉంది కాబట్టి పొడిగా ఉంటుంది, అందుకే ద్రాక్ష తోటలు, కార్క్ ఓక్ చెట్లు పెరుగుతాయి. ఉత్తరాన మబ్బు పట్టిన రోజున ఫ్వెంతె దే ఎక్కండి. దక్షిణపు గాలి వీచే రోజున అటు తేటగా ఉంటుంది, ఇటు రోప్‌వే ఆగిపోతుంది, కాబట్టి సరస్సులకి పొండి.

పొగమంచులో చిక్కుకుంటే సున్నపురాయి కొండల్లో ప్రమాదం వేరుగా ఉంటుంది. మామూలు కొండల్లో వాగు వెంట దిగితే ఎక్కడో ఒక ఊరు వస్తుంది. ఇక్కడ వాగులే ఉండవు, వాననీళ్ళన్నీ రాతి పగుళ్ళలో ఇంకిపోతాయి. నేల అంతా 'హోవు' అని పిలిచే పెద్ద గుంతలు. దిగుతున్నామనుకుని గుంతలోకే దిగుతారు. బాటమీది రాళ్ళ గుర్తు కనిపించకపోతే కనిపించిన చివరి గుర్తు దగ్గరికి వెనక్కి రండి. పైన తాగునీరు దొరకదు, మనిషికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు మోసుకెళ్ళాలి. లోయల్లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఆపదలో నంబరు 112.

శాసనాల_సుబ్బు:
చరిత్ర సంగతి నాకొదిలేయండి. పోతెస్ చుట్టూ తప్పకుండా చూడాల్సినవి రెండు.

లెబేన్యాలోని సాంతా మరియా చర్చి. పోతెస్ నుంచి ఉంకేరా వైపు 8–9 కి.మీ., ఎన్-621 నుంచి కొంచెం పక్కకి. 925 నాటిది. బయటి నుంచి చిన్న రాతి కట్టడం, ఇదేనా అనిపిస్తుంది. లోపలికి వెళ్ళాక గుర్రపు నాడా ఆకారపు కమానులు ఒకదాని వెనక ఒకటి. ముస్లింల పాలనలో ఉన్న దక్షిణ స్పెయిన్ కట్టుబడి ఈ కొండల్లోకి ఎలా వచ్చిందో ఇక్కడ కళ్ళారా చూడొచ్చు. స్తంభాలని గమనించండి: నడుమ చదరపు దిమ్మ, దానికి అతికించినట్టు గుండ్రటి అర స్తంభాలు. కమానులు నాలుగు వైపులా వాటి మీద నిలుస్తాయి. పీఠం ముందు పలక మీద చక్రాల చెక్కడం ఉంది. వాకిట్లో ఆలివ్ చెట్టు, దానికి జోడీగా ఉండే పాత యూ చెట్టు 2007 గాలివానకి కూలిపోయింది. మధ్యాహ్నం మూసేస్తారు, వేళలు ముందే చూసుకోండి.

సాంతో తొరీబియో మఠం. పోతెస్ నుంచి 3 కి.మీ., కారు గుమ్మం దాకా పోతుంది. ఏసుని వేసిన శిలువ చెక్కల్లో మిగిలినవాటిలో అన్నిటికన్నా పెద్ద ముక్క తమ దగ్గరే ఉందని వీళ్ళ నమ్మకం. 1958లో పరీక్షించి అది సైప్రస్ జాతి చెక్క అని తేల్చారు. ఈ లోయలోనే 8వ శతాబ్దంలో బెయాతో అనే సన్యాసి బైబిల్ చివరి గ్రంథానికి వ్యాఖ్య రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో దానికి గీసిన రంగుల ప్రతులు యూరప్ అంతా పాకాయి. వాటి నకళ్ళు, కథ పోతెస్ నడిబొడ్డున ఉన్న తోర్రె దెల్ ఇన్ఫాంతాదో కోటలో ప్రదర్శనగా ఉన్నాయి.

మఠానికి 'క్షమాద్వారం' అని ఒక తలుపు ఉంది. ఏప్రిల్ 16 ఆదివారం వచ్చే ఏడాదే తెరుస్తారు. 1512లో పోప్ రెండో జూలియస్ ఇచ్చిన అనుమతి అది. 2017, 2023 అయిపోయాయి, మళ్ళీ 2028. మిగతా ఏళ్ళలో మూసిన తలుపే చూస్తారు.

సోమవారం పోతెస్‌లో సంత. ఆ రోజు పొద్దున పార్కింగ్ మీద ఆశ పెట్టుకోకండి.

మంచుదారి:
సుబ్బుగారూ, కొవదోంగా యుద్ధం గురించి కూడా చెప్పండి. గైడ్లు లక్షల సైన్యం అంటారు.

శాసనాల_సుబ్బు:
ఆ లక్షలు 9వ శతాబ్దం చివర్లో ఇక్కడి రాజు మూడో అల్ఫోన్సో పేరు మీద రాయించిన చరిత్రలోవి. ఇక్కడి క్రైస్తవుల నాయకుడు పెలాయో 722 ప్రాంతంలో కొవదోంగా గుహ దగ్గర ముస్లిం దండుని ఓడించాడని, 1,24,000 మంది అక్కడే చచ్చారని, పారిపోయిన 63,000 మంది కొండ దాటి లియేబనాలోకి దిగితే కోస్గాయా దగ్గర కొండ విరిగి దేవా నదిలో పడి అందరూ కప్పబడిపోయారని రాశారు. సంఖ్యలు ఎవరూ నమ్మరు. ఆ సన్నటి లోయలో అంతమంది నిలబడటానికే చోటు లేదు. చరిత్రకారులు చాలామంది దీన్ని చిన్న దండు మీద కొండవాళ్ళ దెబ్బగానే చూస్తారు. కానీ రాసినవాడికి దారి మాత్రం బాగా తెలుసు: కొవదోంగా వైపు నుంచి కొండల మీదుగా లియేబనాకి దిగే కాలిబాటలు నిజంగా ఉన్నాయి. మీరు పోతెస్ నుంచి రోప్‌వేకి వెళ్ళేటప్పుడు కోస్గాయా మీదుగానే పోతారు.

కాంగాస్ దె ఓనిస్‌లో శిలువ వేలాడే వంతెనని 'రోమన్ వంతెన' అంటారు. రోమన్ కాదు, మధ్యయుగం నాటిది. ఫొటోకి బాగుంటుంది, అంతే. అదే ఊళ్ళో సాంతా క్రూస్ అనే చిన్న చర్చిని వదలకండి. పునాది 737 నాటిది, ఇప్పటి కట్టడం స్పెయిన్ అంతర్యుద్ధం (1936–39) తర్వాత లేపింది. నేలకి ఉన్న గాజు అద్దం కింద చరిత్రపూర్వ కాలపు డోల్మెన్ సమాధి రాళ్ళు కనిపిస్తాయి. పాత సమాధి మీద గుడి, గుడి మీద గుడి.

గోదారిగట్టు:
కొవదోంగా గుహకి మెట్లు ఉన్నాయట. నాన్న ఎక్కలేరు. సరస్సుల దగ్గరికి సొంత కారు వెళ్తుందా?

శాసనాల_సుబ్బు:
కింది నుంచి వెళ్తే 103 మెట్లు. అవి అక్కర్లేదు: బసిలికా ముందున్న ఆవరణ నుంచి కొండలో తొలిచిన సొరంగం ఒకటి నేరుగా గుహలోకి తెరుచుకుంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అటే వెళ్ళాలి. గుహలో పెలాయో సమాధి, కొవదోంగా మాత విగ్రహం ఉన్నాయి. పాత చెక్క గుడి 1777లో కాలిపోయింది. గులాబీ రంగు రాతి బసిలికా 1901లో పూర్తయింది. సెప్టెంబరు 8 పండగ, ఆ రోజు జోలికి పోకండి.

సున్నపురాయి:
సరస్సుల రోడ్డు కొవదోంగా నుంచి 12 కి.మీ., బాగా నిటారు. ఈస్టర్, వేసవి, పొడుగు సెలవుల్లో పగటిపూట సొంత కార్లు ఆపేస్తారు, ఈ మధ్య ఆ గడువు అక్టోబరు దాకా సాగుతోంది. మీ తేదీలకి ఆంక్ష ఉంటుందనే లెక్కలో ఉండండి. రెండు మార్గాలు: తెల్లవారగానే గేటు వేసేలోపు ఎక్కేయడం (దిగడానికి ఇబ్బంది ఉండదు), లేదా కాంగాస్ నుంచి గానీ దారిలోని పార్కింగుల నుంచి గానీ బస్సు. ఆ మలుపుల్లో అలవాటైన డ్రైవరు తోలుతుంటే మీరు కిటికీలోంచి చూడొచ్చు, కాబట్టి బస్సే మంచిది. మొదటి బస్సు పట్టుకోండి.

బస్సు బుఫెర్రేరా దగ్గర దించుతుంది. ఇనుము, మాంగనీసు తవ్విన పాత గని అది. సొరంగాలు, కోసేసిన ఎర్రరాయి మధ్యలోంచి బాట వేశారు. ఎర్సీనా సరస్సు (1,108 మీ.) అక్కడికి పది పదిహేను నిమిషాలు, ఎనోల్ (1,070 మీ.) ఇంకో పక్క. రెండూ చుట్టి వస్తే సుమారు 6 కి.మీ. నాన్నగారు ఎర్సీనా ఒడ్డున కూర్చోవచ్చు. ఈత కొట్టకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. ఆవుల దగ్గర బాబుని ఒంటరిగా వదలకండి, దూడ ఉంటే ఆవు ఊరుకోదు. మందలకి కాపలా ఉండే పెద్ద మాస్తీన్ కుక్కలు ఎదురొస్తే పరిగెత్తొద్దు, మంద చుట్టూ దూరంగా పోవాలి.

పెద్ద నడక కావాలంటే ఎనోల్ పక్కనున్న పాందెకార్మెన్ నుంచి ఓర్దియాలెస్ అంచు (1,691 మీ.) దాకా, రాకపోకలు కలిపి సుమారు 22 కి.మీ. అక్కడే పెద్రో పిదాల్ సమాధి. 1916లో జాతీయ పార్కుల చట్టం తెచ్చింది ఆయనే. దాని కిందే 1918లో ఈ కొండల్లో స్పెయిన్ మొదటి జాతీయ పార్కు ఏర్పడింది. 1904 ఆగస్టు 5న నరాన్హో దె బుల్నెస్ (2,519 మీ.) శిఖరం మొదట ఎక్కింది కూడా ఆయనే, కయీన్ ఊరి గ్రెగోరియో పెరేస్‌తో కలిసి.

గోదారిగట్టు:
కారెస్ నడక పిల్లాడితో చెయ్యొచ్చా?

మంచుదారి:
పొన్సెబోస్ నుంచి కయీన్ దాకా ఒక వైపు సుమారు 11–12 కి.మీ., మూడు మూడున్నర గంటలు. వెనక్కీ అదే దారి. ఒకటే వైపు నడిచి కారులో తిరిగొద్దామంటే రోడ్డు మీద 100 కి.మీ. పైనే ఉంది, టాక్సీ ముందే మాట్లాడుకోకపోతే అవతల చిక్కుకుంటారు.

అసలా బాట ఎందుకుందో తెలిస్తే నడక తీరు అర్థమవుతుంది. కామర్మెన్యా జల విద్యుత్ కేంద్రానికి నీళ్ళు మళ్ళించడానికి 1916–1921 మధ్య కొండగోడలో కాలువ తవ్వారు. దాని బాగోగులు చూసే పనివాళ్ళ కోసం 1940ల చివర్లో ఈ బాట తొలిచారు. కాలువ దాదాపు సమతలంగా పోతుంది కాబట్టి బాట కూడా ఎక్కువ భాగం చదునే. కష్టమల్లా పొన్సెబోస్ వైపు మొదటి రెండు మూడు కిలోమీటర్లు, లోస్ కొయాదోస్ ఎక్కుడు. నీడ లేదు. పొద్దున తేలిగ్గా ఎక్కేస్తారు, తిరుగు ప్రయాణంలో 20 కి.మీ. నడిచాక మళ్ళీ అదే ఎదురవుతుంది, మోకాళ్ళు అక్కడే మొరాయిస్తాయి.

బాట వెడల్పు మీటరున్నరకి అటూ ఇటూ. కంచె లేదు. కింద నది వంద మీటర్ల పైగా లోతున ఉండే చోట్లున్నాయి. బాబుని లోపలి పక్కన, చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఎదురొచ్చేవాళ్ళని దాటేటప్పుడు మీరు గోడ పక్క ఆగండి. వాన పడ్డ మర్నాడు, పైన మేకలు కదిలే చోట రాళ్ళు రాలతాయి, కొండ కింద కూర్చుని తిండి విప్పకండి.

మీకు నా సలహా: పొన్సెబోస్ వద్దు, కయీన్ నుంచి మొదలుపెట్టండి. అందమంతా కయీన్ వైపు మూడు కిలోమీటర్లలోనే ఉంది: నీళ్ళు కారే సొరంగాలు, గోడ నుంచి గోడకి దాటే వంతెనలు. అంతా చదును. నాన్నగారు కూడా మొదటి సొరంగాల దాకా రావచ్చు, టార్చి ఉంచుకోండి. పోతెస్ నుంచి సాన్ గ్లోరియో కనుమ (1,609 మీ.), పాందెత్రావె మీదుగా కయీన్ దాదాపు 70 కి.మీ., గంటన్నర పైనే. పొసాదా దె వల్దెయోన్ తర్వాతి 9 కి.మీ. ఒక కారు పట్టేంత సన్నటి రోడ్డు, ఎదురు బండి వస్తే వెడల్పున్న చోటి దాకా రివర్స్ చెయ్యాలి. పొద్దున 9:30 లోపు కయీన్ చేరితే ఆ గొడవ తక్కువ.

శాసనాల_సుబ్బు:
ఆ 9 కి.మీ.లో కొరోనా దగ్గర కారు ఆపండి. తోడేళ్ళ ఉచ్చు, 'చోర్కో' అంటారు. రెండు పొడవాటి కర్ర దడులు గరాటులా దగ్గరికొచ్చి చివర గుంతలో కలుస్తాయి. ఊరివాళ్ళంతా అరుపులతో తోడేలుని తరుముకొస్తుంటే, దారి పక్క బుల్లి గుడిసెల్లో దాక్కున్నవాళ్ళు అది దాటగానే వెనక నుంచి లేచి తిరిగి పోకుండా అదిలించేవాళ్ళు. ఎవరు ఎక్కడ నిలబడాలి, రాకపోతే జరిమానా ఎంత అని 17వ శతాబ్దం నుంచే ఊరి కట్టుబాట్లు రాతపూర్వకంగా ఉన్నాయి.

వల్దెయోన్‌లో ఓర్రెయోలు కూడా చూడండి. మన గాదెలాంటిదే, కానీ నేల మీద ఉండదు. నాలుగు రాతి లేదా చెక్క కాళ్ళ మీద, ఒక్కో కాలి తల మీద వెడల్పైన గుండ్రటి రాతి పలక పెట్టి, ఆ పైన చెక్క గది. ఎలుక కాలు పట్టుకుని ఎక్కినా పలక అడుగున తలకిందులుగా పాకలేక పడిపోతుంది. మెట్లు గదికి ఆనవు, కావాలనే ఒక అడుగు ఖాళీ వదులుతారు.

గోదారిగట్టు:
బుల్నెస్ మిగిలింది. ఇక తిండి సంగతి?

మంచుదారి:
బుల్నెస్‌కి కారు రోడ్డు లేదు. 2001లో కొండ లోపల నుంచి ఫునికులర్ రైలు (తాడుతో లాగేది) వేశారు: 2.2 కి.మీ. సొరంగం, 402 మీ. ఎక్కుడు, ఏడు నిమిషాలు. దారంతా చీకటే, దృశ్యాలేవీ ఉండవు. పై స్టేషన్ నుంచి ఊరు పది నిమిషాల వాలు. నాన్నగారు రావచ్చు. మీరిద్దరూ బాబూ కావాలంటే పొన్సెబోస్ నుంచి తెహు వాగు వెంట కాలిబాటలో ఎక్కి (గంటన్నర), దిగేటప్పుడు రైలెక్కండి. ఒకవైపు టికెట్ ఇస్తారు. ఆ రాళ్ళు నునుపెక్కిపోయాయి, తడిలో దిగడమే ప్రమాదం. నరాన్హో శిఖరాన్ని కారు దిగకుండానే చూడాలంటే పో దె కబ్రాలెస్ దగ్గర ఏఎస్-114 పక్కన వ్యూపాయింట్ ఉంది, సాయంత్రం ఎండ బాగా పడుతుంది.

పప్పన్నం_పార్టీ:
తిండి సంగతి నేను చెప్తా. ఇక్కడ 'మాంసం లేకుండా' అంటే హామ్, ట్యూనా మాంసంలో లెక్క రావు. 'సోయ్ వెహెతరియానో' అని ఊరుకోకుండా 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్' అని మూడూ చెప్పాలి. శనగలతో చేసే కోసీదో లెబానియేగో, బీన్స్ ఫబాదా చూడ్డానికి మన కూరల్లా ఉంటాయి గానీ రెండూ పంది మాంసంతోనే ఉడికిస్తారు. ముక్కలు తీసేసి ఇస్తామంటే ఒప్పుకోకండి. సూపులు కూడా ఎముకల నీళ్ళే.

తినగలిగేవి: బంగాళాదుంప ఆమ్లెట్ తొర్తీయా, మొక్కజొన్న పిండితో నూనెలో వేయించే తోర్తోస్ (గుడ్డుతో గానీ చీజ్‌తో గానీ అడగండి), వేయించిన మిరపకాయలు, ట్యూనా లేని సలాడ్. లియేబనాలో 'తె దె పుయెర్తో' అని కొండ మూలికల టీ ఇస్తారు, చలికి హాయిగా ఉంటుంది. ఓరుహో అని పక్కన పెట్టేది టీ కాదు, ద్రాక్ష పిప్పితో కాచిన సారా.

మధ్యాహ్నం వంటగది 1:30 నుంచి 4 దాకా, రాత్రి 8:30 తర్వాతే. ఆరింటికి ఆకలేస్తే చల్లటి శాండ్‌విచ్ తప్ప దొరకదు. పెద్దవాళ్ళకి షుగర్ ఉంటే బ్యాగులో ఏదో ఒకటి ఉండాలి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని కుక్కర్లో అన్నం పెట్టుకుంటే సగం గొడవ పోతుంది.

కబ్రాలెస్ నీలి చీజ్ రుచి చూడాలంటే ఒక్క మాట: పచ్చి పాలతో చేసి, కనీసం రెండు నెలలు తేమ గుహల్లో మాగబెడతారు. సంప్రదాయంగా తోడుకి జంతువుల రెన్నెట్టే (దూడల వంటి వాటి పొట్ట నుంచి తీసేది) వాడతారు. అది పట్టింపు ఉంటే ముందే అడగండి.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. చివరిగా రెండు. ఇండియా లైసెన్సుతో కారు ఇస్తారా? చీజ్ కొని తీసుకెళ్ళొచ్చా?

సున్నపురాయి:
టూరిస్టుగా వస్తే మన ఆర్టీఏలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్, దాంతోపాటు అసలు లైసెన్సు కార్డు, రెండూ ఉండాలి. పర్మిట్ గడువు ఏడాదే, తేదీ చూసుకోండి. చిన్న కారు తీసుకోండి, ఐదుగురి సామాను సరిపోయేంత చాలు, వెడల్పున్న ఎస్‌యూవీ కయీన్ రోడ్డు మీద శిక్ష. కొండ ఊళ్ళలో బంకు వెతుక్కోకుండా పోతెస్‌లోనూ కాంగాస్‌లోనూ ట్యాంకు నింపుకోండి.

పప్పన్నం_పార్టీ:
చీజ్ కొనేటప్పుడు 'అల్ వాసీయో' అనండి, గాలి తీసేసి ప్యాక్ చేస్తారు. అసలు కబ్రాలెస్‌కి ఆకుపచ్చ రేకు చుట్టి ముద్ర ఉంటుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి చేతి బ్యాగులో పెడితే విమానాశ్రయంలో ఆపే అవకాశం ఉంది, చెక్-ఇన్‌లో వెయ్యండి. ఆఖరి రోజు దాకా కొనకండి. ఎంత ప్యాక్ చేసినా బిల్బావో చేరేలోపు కారంతా అదే వాసన.